థీసిస్ పేజీలు ఎందుకు జరుగుతాయి? ఉచిత ఆఫీసు, కొన్న ఆఫీసు, క్రాక్ ఆఫీసు

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో థీసిస్‌లు సమర్పించే రోజులొస్తే ఒక తగువు మామూలే. పరిశోధక విద్యార్థి పెన్‌డ్రైవ్ ఇస్తాడు, ఆపరేటర్ ఫైలు తెరుస్తాడు. ఇంట్లో 212 పేజీలున్న థీసిస్ ఇక్కడ 217 పేజీలవుతుంది. విషయసూచికలో నాలుగో అధ్యాయం 143వ పేజీ అని ఉంటే, అసలు అధ్యాయం 147లో మొదలవుతుంది. ఒక పట్టిక నడుముకు విరిగి రెండు పేజీల మీద పడి ఉంటుంది. ‘‘మా ఇంట్లో బాగానే ఉన్నింది కదన్నా’’ అని ఒకరు, ‘‘నువ్వు తెచ్చిన ఫైలే అట్లుంటే నేనేం జేసేది’’ అని ఇంకొకరు.

ఇద్దరిలో ఎవరి సిస్టంలోనైనా లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాం ఉందని తెలిసిందా, విచారణ అక్కడితో అయిపోతుంది. ఫ్రీగా వచ్చింది కాబట్టి అంతే అంటారు. కానీ చాలాసార్లు రెండువైపులా ఉన్నది మైక్రోసాఫ్ట్ వర్డే. ఇంట్లో ల్యాప్‌టాప్‌తో వచ్చిన కొత్త వర్డ్, షాపులో ఎప్పుడో వేయించిన 2010 వర్డ్. 2007 నుంచి వర్డ్‌లో కొత్త ఫైలు తెరిస్తే కాలిబ్రి అనే ఫాంటు దానంతటదే వచ్చేది. 2023 నుంచి మైక్రోసాఫ్ట్ ఆ చోట ఆప్టోస్ అనే కొత్త ఫాంటును పెట్టడం మొదలుపెట్టింది. షాపులోని పాత వర్డ్‌కు ఆప్టోస్ అంటే ఏమిటో తెలియదు. తెలియదని చెప్పదు కూడా. చేతిలో ఉన్న మరో ఫాంటును ఆ చోట వేసి ఊరుకుంటుంది. అక్షరం వెడల్పులో వెంట్రుకవాసి తేడా చాలు, వరుస చివరి మాట కింది వరుసకు దిగుతుంది. అది పేరాకు ఒక వరుస పెంచుతుంది, అధ్యాయానికి ఒక పేజీ పెంచుతుంది. అయిదు పేజీలు పెరగడానికి ఇంతకుమించి కారణం అక్కర్లేదు.

ఉచితమా, కొన్నదా అన్న పోలిక చాలావరకు తప్పు చోట మొదలవుతుందని చెప్పడానికే ఈ ఉదాహరణ. ఏ ప్రోగ్రాంలో ఎన్ని బటన్లున్నాయని లెక్కపెట్టేకన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ ఫైలు ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుంది? పోయినచోట దాన్ని చదువుతారా, ప్రింటు తీస్తారా, లేక దిద్ది తిరిగి పంపుతారా? దీనికి జవాబు దొరికితే ఏది వాడాలన్నది సగం తేలినట్టే.

మూడో పోటీదారు

ఉచితమైన లిబ్రేఆఫీస్ ఒకవైపు, డబ్బు పెట్టి కొన్న మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఇంకోవైపు అని పోటీ పెట్టడం కాగితం మీద బాగుంటుంది. తిరుపతిలోనో చిత్తూరులోనో సిస్టం అసెంబుల్ చేసి ఇచ్చే షాపు దగ్గర నిలబడితే మూడోది కనిపిస్తుంది. అది క్రాక్ వేసిన, అంటే డబ్బు కట్టకుండా లైసెన్సు తాళం విరగ్గొట్టిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్. సిస్టం కొన్నప్పుడు విండోస్‌తో పాటు ‘ఆఫీసు కూడా వేసిస్తాం’ అంటారు. కొనేవారికి అది కూడా ఉచితమే. లిబ్రేఆఫీస్ మనవైపు పెద్దగా పాకకపోవడానికి అసలు కారణం ఇదే. జేబులోంచి పైసా తీయకుండా వర్డే వస్తున్నప్పుడు, పైసా అక్కర్లేని ఇంకో ప్రోగ్రాం నేర్చుకోవలసిన అవసరం ఎవరికి?

ఈ ఉచితానికి ధర ఉంది, కౌంటర్ దగ్గర కట్టించుకోరంతే. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ప్రకారం నకిలీ ప్రతి అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు శిక్ష తప్పించి జరిమానాతో వదలవచ్చు. జిరాక్స్ షాపు, ఆడిటర్ ఆఫీసు, ప్రైవేటు స్కూలు ఈ సడలింపు కిందికి రావడం కష్టం. ఇల్లు గడవడానికి టైపింగ్ చేసే ఆపరేటర్ మీద ఇప్పటికిప్పుడు ఎవరూ కేసు పెట్టరన్నది నిజమే కావచ్చు. క్రాక్ ఫైలుతో పాటు లోపలికి ఏం వచ్చిందన్నది మాత్రం ఎవరికీ తెలియదు. యాక్టివేషన్ కోసం యాంటీవైరస్ ఆపమని ఆ ఫైలే అడుగుతుంది. తలుపు తీసిపెట్టి పడుకున్నట్టే అది. పైగా ఆ సిస్టంలోనే కస్టమర్ల ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు ఉంటాయి.

ఇంకో తేదీ గుర్తుంచుకోవాలి. ఆఫీస్ 2010కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 అక్టోబరులో ఆగింది. ఆఫీస్ 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబరు 14న ఆగింది. విండోస్ 10కి కూడా అదే రోజు. డబ్బు పెట్టి కొన్న 2016 ప్రతి అయినా సరే, ఇకపై బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతు రాదు. ఒకసారి కొంటే ఎప్పటికీ మనదే అన్న మాటకు అంతవరకే విలువ.

డాక్ఎక్స్ లోపల

వర్డ్ ఫైలు అంటే తాళం వేసిన పెట్టె అన్న భావన చాలామందిలో ఉంది. ఒకప్పుడు నిజమే. 2007 వర్డ్‌తో వచ్చిన డాక్ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ఫైలు నకలు ఒకటి తీసుకుని చివర డాక్ఎక్స్ బదులు జిప్ అని పేరు మార్చి తెరిస్తే లోపల చిన్న చిన్న ఎక్స్ఎంఎల్ ఫైళ్లు, బొమ్మలు విడివిడిగా కనిపిస్తాయి. లిబ్రేఆఫీస్ వాడే ఓడీటీ కూడా అలాంటి మూటే. ఓడీటీ ఏ కుటుంబానికి చెందిందో ఆ ఓడీఎఫ్ ప్రమాణాన్ని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2006లో 26300 నంబరుతో ఆమోదించింది. మైక్రోసాఫ్ట్ ఫార్మాట్లు 2008లో 29500 నంబరుతో ఆమోదం పొందాయి. రెండూ అంతర్జాతీయ ప్రమాణాలే. ఆ రెండో ప్రమాణంలో పాత అలవాట్లన్నీ మోసుకొచ్చిన ‘మధ్యంతర’ రూపం ఒకటుంది, వర్డ్ మామూలుగా సేవ్ చేసేది దాంట్లోనే. పాత వర్డ్‌ల చాదస్తాలన్నిటినీ బయటివాళ్లు అచ్చుగుద్దినట్టు అనుకరించాలంటే ఏళ్లు పడుతుంది. లిబ్రేఆఫీస్ వాళ్లు పదిహేనేళ్లుగా చేస్తున్న పనిలో పెద్ద భాగం ఇదే.

వంశవృక్షం క్లుప్తంగా ఇది. జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో కొని, 2000లో దాని కోడ్‌ను ఓపెన్‌ఆఫీస్ పేరుతో అందరికీ తెరిచింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నాక, ఆ యాజమాన్యం నచ్చని డెవలపర్లు అదే ఏడాది సెప్టెంబరులో ది డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని లిబ్రేఆఫీస్‌గా విడిపోయారు. ఇప్పటికీ కొన్ని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో ఓపెన్‌ఆఫీస్ అనే పాత పేరే వినిపిస్తుంది. కొత్తగా వేయించుకునేవారికి అది తగదు. పని జరుగుతున్నది లిబ్రేఆఫీస్‌లోనే.

ఫాంట్ల విషయంలో లిబ్రేఆఫీస్‌లో ఒక ఏర్పాటు ఉంది. కాలిబ్రికి కార్లిటో, కేంబ్రియాకు కలేడియా, టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్, ఏరియల్‌కు లిబరేషన్ సాన్స్ అని అక్షరాల వెడల్పు సరిపోయే జతలు దాంతోనే వస్తాయి. అసలు ఫాంటు లేకపోయినా వరుస విరిగేచోట విరుగుతుంది. అందుకే టైమ్స్ న్యూ రోమన్‌లో సాదాగా టైపు చేసిన థీసిస్ దాదాపు చెక్కుచెదరకుండా అటూఇటూ తిరుగుతుంది. చెదిరేవి వేరే ఉన్నాయి. టెక్స్ట్ బాక్సుల్లో పెట్టిన బొమ్మలు, స్మార్ట్‌ఆర్ట్ పటాలు, ట్యాబ్‌లకు బదులు స్పేస్‌బార్ యాభైసార్లు నొక్కి వరుసపెట్టిన సంతకాల చోట్లు. చివరిదానికి ఏ కంపెనీ బాధ్యత తీసుకోదు.

గైడ్ గారి దిద్దుబాట్లు మాత్రం ఇంకో సంగతి. దిద్దినచోటల్లా గుర్తు పెట్టే ట్రాక్ చేంజెస్ రెండు ప్రోగ్రాముల్లోనూ ఉంది, ఒకదాంట్లో పెట్టినవి మరొకదాంట్లో కనిపిస్తాయి కూడా. అయితే ఒకే అధ్యాయం వర్డ్‌కూ, లిబ్రేఆఫీస్‌లో వర్డ్ పని చేసే రైటర్‌కూ మధ్య ఏడెనిమిది సార్లు తిరిగితే నంబరింగు, పట్టికల అంచులు మెల్లగా పాడవుతాయి. గైడ్ వర్డ్ వాడుతుంటే విద్యార్థీ వర్డ్ వాడడమే మేలు. ఆయన కాగితం మీద ఎర్రపెన్నుతో దిద్దే మనిషైతే ఈ చర్చ అక్కర్లేదు. చివరికి థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగకు వెళ్లేది పీడీఎఫే, అది ఎందులో పుట్టిందని అక్కడ ఎవరూ అడగరు.

చిత్తూరు ఆడిటర్ ఆఫీసులో

వర్డ్ పక్కన పెట్టి ఎక్సెల్ దగ్గరికి వస్తే తూకం మారుతుంది. ఇక్కడ ఉచితం వైపు మొగ్గడం అంత తేలిక కాదు.

మామూలు లెక్కలకు లిబ్రేఆఫీస్‌లోని కాల్క్ ధారాళంగా సరిపోతుంది. రెంటిలోనూ ఒక షీటుకు 10,48,576 వరుసలు. నిలువు గళ్లు ఎక్సెల్‌లో 16,384. కాల్క్‌లో అవి 1,024 దగ్గరే ఆగిపోయేవి, 2022లో వచ్చిన 7.4 వెర్షన్‌తో సమానమయ్యాయి. ఎక్సెల్ వాడేవారు మురిసిపోయే ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యునీక్ లాంటి ఫంక్షన్లు 2024 ఆగస్టులో 24.8 వెర్షన్‌తో కాల్క్‌కూ వచ్చాయి. పివట్ టేబుల్ ముందునుంచీ ఉంది. అంకెలను లక్షలు, కోట్లుగా విడగొట్టి చూపించడానికి కాల్క్‌లో భాషను ఇంగ్లీష్ (ఇండియా) అని పెట్టుకుంటే చాలు. ఎక్సెల్‌లో అదే పనికి మామూలుగా విండోస్ రీజియన్ సెట్టింగుల్లోకి వెళ్లాలి.

మామిడి సీజన్లో ఒక పల్ప్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏ రైతు ఎన్ని టన్నుల తోతాపురి దించాడు, తూకం చీటీ నంబరెంత, రేటెంత, ఇంకా ఎంత ఇవ్వాలి అనే షీటు కాల్క్‌లో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. ఆ ఫైలు ఫ్యాక్టరీ దాటి బయటికి పోదు కనుక. అదే ఫ్యాక్టరీకి విదేశీ కొనుగోలుదారు మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా ఫైలులోనే రాసిన చిన్న ప్రోగ్రాములు) దట్టించిన ఎక్సెల్ ఫారం పంపి ‘నింపి పంపండి’ అంటే మాత్రం కాల్క్ చేతులెత్తేస్తుంది. ఎక్సెల్ మాక్రోలు రాసేది వీబీఏ భాషలో. కాల్క్ దాన్ని కొంతవరకే అర్థం చేసుకుంటుంది. సరళమైన మాక్రో నడవవచ్చు, విండోస్‌ను పట్టుకుని వేలాడే బటన్లు, ఫారాలు నడవవు.

విదేశీ కొనుగోలుదారు దాకా ఎందుకు? జీఎస్టీ పోర్టల్‌లో దొరికే జీఎస్టీఆర్-3బి, జీఎస్టీఆర్-9 ఆఫ్‌లైన్ యుటిలిటీలు మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్లే. ఆదాయపు పన్ను రిటర్నులకూ ఎక్సెల్ యుటిలిటీలున్నాయి. ఇ-గవర్నెన్స్‌లో ఓపెన్ స్టాండర్డ్స్ వాడాలని కేంద్రం 2010లో ఒక విధానం ప్రకటించింది. 2015లో కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని మరో విధానం తెచ్చింది. చేతిలో ఆ రెండు కాగితాలు పెట్టుకునే పన్ను చెల్లించేవాడిని ఎక్సెల్ కొనుక్కోమనడం మన ప్రభుత్వాలకే చెల్లింది. రిటర్నును నేరుగా పోర్టల్‌లోనే నింపే దారి ఉందన్నది నిజం. వందల క్లయింట్లున్న ఆడిటర్ ఆఫీసుకు అది జరిగే పని కాదు. కాబట్టి చిత్తూరు ఆడిటర్ గారు కనీసం ఒకటి రెండు సిస్టముల్లో లైసెన్సున్న ఎక్సెల్ పెట్టుకోక తప్పదు. వేర్వేరు ఫైళ్ల లెక్కలను ఒకచోటికి తెచ్చే ఎక్సెల్ సాధనం పవర్ క్వెరీతో పది బ్రాంచీల లెక్కలు కలిపి చూసేవారికి కూడా ఇంతే. దానికి దీటైనది కాల్క్‌లో లేదు.

డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌కు బదులు బేస్, పవర్‌పాయింట్‌కు బదులు ఇంప్రెస్ ఉన్నాయి. ఇంప్రెస్ పాఠాలకు, సెమినార్లకు చాలు. బేస్‌ను నమ్ముకుని కొత్తగా ఏదీ కట్టకపోవడం మంచిది. ఔట్‌లుక్ లాంటి మెయిల్ ప్రోగ్రాం లిబ్రేఆఫీస్‌లో లేనే లేదు.

తెలుగు దగ్గర

తెలుగు టైపింగు అనేసరికి గందరగోళం ఇంకోచోట నుంచి వస్తుంది. డీటీపీ సెంటర్లలో దశాబ్దాలుగా ఉన్నది అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్. ఆపరేటర్ల వేళ్లకు అందులోని యాపిల్ లేఅవుట్ అలవాటు. అనూ ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిష్ అక్షరాల చోట కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే వర్డ్ అయినా రైటర్ అయినా చూపించేది పిచ్చి గుర్తులే. అందులో మాట వెతకలేం, పేర్లను అకారాది క్రమంలో పేర్చలేం. దీనికి మందు ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడే తప్ప ఆఫీసు ప్రోగ్రాం మార్చడం కాదు.

యూనికోడ్‌లోకి వచ్చాక రెండూ సమఉజ్జీలే. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి లిబ్రేఆఫీస్ అన్ని సిస్టముల్లోనూ అక్షరాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ వాడుతోంది. ఒత్తులు, గుణింతాలు విరగవు. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, రెండిట్లోనూ పనిచేస్తాయి. రైటర్‌లో కొత్తవారు పడే గుంత ఒకటుంది. పేరా స్టైల్ తెరిస్తే అక్కడ పాశ్చాత్య లిపులకు ఒక ఫాంటు, తెలుగు లాంటి సంక్లిష్ట లిపులకు ఇంకో ఫాంటు, వాటికి వేర్వేరు సైజులు ఉంటాయి. పైది మార్చి ‘తెలుగు మారడం లేదు, ఇదేం సాఫ్ట్‌వేర్’ అని తీసేసినవారు తక్కువేం కాదు. ముందు భాషా సెట్టింగుల్లో సంక్లిష్ట లిపి కింద తెలుగు ఎంచుకుని, ఆ తర్వాత కింది ఫాంటు మార్చాలి. రెండు నిమిషాల పని. చెప్పేవాళ్లు లేకపోతే రెండు రోజులు పడుతుంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మనవైపు ఉన్న అసలు లోటు ఇదే. వర్డ్‌లో ఏదైనా ఆగిపోతే పక్క షాపు కుర్రాడు చెప్తాడు, రైటర్‌లో ఆగితే అడగడానికి వీధిలో మనిషి ఉండడు.

లడ్డు లెక్క

ఉచితం అన్నవన్నీ ఒక తీరుగా ఉండవు. తిరుమలలో దర్శనం చేసుకున్నవారికి ఒక లడ్డు ఉచితం, ఇంకోటి కావాలంటే రూ.50. వెబ్‌లో ఉచితంగా ఇచ్చే వర్డ్, గూగుల్ డాక్స్, రేణిగుంటలో కూడా ఆఫీసు ఉన్న జోహో వారి రైటర్, ప్రకటనలతో వచ్చే డబ్ల్యూపీఎస్ అన్నీ ఈ పద్ధతే. మొదటిది చేతిలో పెడతారు. చోటు నిండినా, అదనపు పని కావలసివచ్చినా కౌంటర్ కనిపిస్తుంది. గూగుల్ ఇచ్చే 15 జీబీలో మెయిల్, ఫోటోలు కూడా వాటాదార్లే. లిబ్రేఆఫీస్ అలా కాదు, అక్కడ రెండో కౌంటరే లేదు. ఎన్ని సిస్టముల్లో వేసుకున్నా, వ్యాపారానికి వాడినా, నకలు తీసి పక్కవారికి ఇచ్చినా లైసెన్సు అడ్డు చెప్పదు.

అయితే నలుగురు ఒకేసారి ఒకే ఫైలులో పనిచేయాలంటే లిబ్రేఆఫీస్ మామూలుగా చేయలేదు, ఆన్‌లైన్ ప్రోగ్రాములు చేస్తాయి. మదనపల్లెలో ఉన్న టీచరు, పుత్తూరులో ఉన్న టీచరు కలిసి ప్రశ్నపత్రం తయారుచేస్తుంటే గూగుల్ డాక్సో, జోహోనో చక్కటి దారి. 2025 సెప్టెంబరులో కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ తాను జోహోకు మారుతున్నట్టు ప్రకటించాక ఆ పేరు మనవైపు కూడా బాగా వినిపించింది. జోహో స్వదేశీయే, ఓపెన్ సోర్స్ మాత్రం కాదు. ఈ రెండు మాటలను కలిపేసి వాడటం ఇప్పుడు ఒక అలవాటయింది.

మొత్తంగా మారిపోవచ్చా అన్నదానికి జర్మనీలో రెండు రకాల జవాబులున్నాయి. మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో విండోస్ బదులు ఉచితమైన లైనక్స్‌కు, ఉచిత ఆఫీసుకు మారాలని నిర్ణయించి ఏళ్ల తరబడి శ్రమపడి, 2017లో మళ్లీ విండోస్‌కు తిరిగి వెళ్లాలని తీర్మానించింది. రాజకీయం ఉంది, బయటి ఆఫీసులతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడంలో చిక్కులూ ఉన్నాయి. అదే దేశంలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో సుమారు 30 వేల కంప్యూటర్లను లిబ్రేఆఫీస్‌కు మారుస్తామని ప్రకటించింది. మనకు దగ్గరి ఉదాహరణ కేరళ. అక్కడ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా నడుస్తున్నవి ఉచిత సాఫ్ట్‌వేర్లే. పాఠం, ల్యాబు, టీచర్ల శిక్షణ అన్నీ ఒకే గిరిలో ఉండటం వల్ల ఫైలు బయటికి పోయి చెదిరే సమస్య వాళ్లకు తక్కువ. చిత్తూరు జిల్లాలో ఒక ప్రైవేటు స్కూలు ఒంటరిగా మారాలనుకున్నా లోపలి పనికి, అంటే ప్రోగ్రెస్ కార్డులు, ప్రశ్నపత్రాలు, ఫీజుల పట్టికకు ఇబ్బంది రాదు. కంప్యూటర్ క్లాసులో మాత్రం వర్డ్, ఎక్సెల్ కూడా చూపించాలి. ఉద్యోగ ప్రకటనల్లో ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చి ఉండాలి’ అనే రాస్తున్నారు మరి.

ఇక జిరాక్స్ షాపు. ఎవరి ఫైలు ఏ ప్రోగ్రాంలో తయారై వస్తుందో దానికి తెలియదు కాబట్టి అది ఒక్కదాన్నే నమ్ముకోలేదు. అయిదు సిస్టములుంటే ఒకదాంట్లో డబ్బు కట్టిన తాజా వర్డ్ పెట్టి, బయటి నుంచి వచ్చే థీసిస్‌లు, ప్రాజెక్టు రిపోర్టులు అందులోనే తెరవడం, మిగతా నాలుగింట్లో క్రాక్‌లు తీసేసి లిబ్రేఆఫీస్ వేసి అర్జీలు, బయోడేటాలు, పెళ్లిపత్రికల చిరునామాలు అక్కడ టైపు చేయడం గిట్టుబాటయ్యే పద్ధతి. కౌంటర్ దగ్గరి పాత సిస్టంలో ఇంకా విండోస్ 7 నడుస్తుంటే లిబ్రేఆఫీస్ 25.8, ఆ తర్వాతి వెర్షన్లు అందులో ఎక్కవు, అంతకు ముందుది వేసుకోవాలి. విద్యార్థి వైపు పని ఇంకా చిన్నది. షాపుకు బయలుదేరేముందు ఇంట్లోనే ఫాంట్లు ఫైలులోనే ఉండేలా సేవ్ చేసుకుని, దాంతోపాటు పీడీఎఫ్ కూడా ఒకటి తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. ప్రింటుకు పీడీఎఫ్ ఇచ్చి, ఏదైనా పేజీ మార్చాల్సివస్తేనే వర్డ్ ఫైలు తెరవమనాలి. అప్పుడు 212 పేజీలు 212గానే బైండింగుకు వెళ్తాయి.